పరాయి కుంచంతో కొలిచిన క్షయ

క్షయ బాక్టీరియా ఎక్కితే గినీపంది బతకదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ ఈ సూక్ష్మజీవిని లోకానికి చూపించినప్పటి నుంచి వైద్యులు ఆ మాటను కళ్లు మూసుకుని నమ్మారు. సూక్ష్మదర్శిని కింద ఏమీ కనబడనప్పుడు రోగి తెమడను గినీపందికి ఎక్కించి కొన్ని వారాలు ఆగేవారు. జంతువు చిక్కిపోయి, ప్లీహం, కాలేయం గడ్డలు కట్టి ఉంటే జబ్బు క్షయేనని తేల్చేవారు. మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పడి ఉండగల ఈ బాక్టీరియా గినీపందిని మాత్రం వదలదని పేరు.

1950ల చివర్లో మద్రాసు రోగుల నుంచి తీసిన బాక్టీరియా ఆ నమ్మకాన్ని బీటలు వార్చింది. మనుషుల ఊపిరితిత్తులకు చిల్లులు పెట్టిన ఆ బాక్టీరియా గినీపంది ఒంట్లోకి వెళ్లేసరికి మెత్తబడిపోయింది. చాలా జంతువుల్లో జబ్బు నత్తనడక నడిచింది. ఎందుకిలా జరిగిందో తెలియడానికి అరవై ఏళ్లు పట్టింది.

మద్రాసు రోగులు, లండన్ లెక్కలు

1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టిన కేంద్రమది. సారథి వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు. వాళ్ల ముందున్న ప్రశ్న సూటిది. శానటోరియంలో మంచం దొరకని పేదవాడు ఇంట్లోనే ఉండి మందులు మింగితే నయమవుతుందా? అప్పటిదాకా క్షయ వైద్యమంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి చోట నెలల తరబడి విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. మద్రాసు పేటల్లో కూలి చేసుకునేవాడికి ఆ యోగం ఎక్కడిది? 1959లో కేంద్రం జవాబు చెప్పింది. మందులు సరిగ్గా పడితే ఇంటి వైద్యం శానటోరియం వైద్యానికి ఏమీ తీసిపోదని తేలింది. ప్రపంచమంతటా శానటోరియంల కాలం చెల్లిపోవడానికి ఆ ఫలితం ఒక పెద్ద కారణం.

ఈ పనిలో బాక్టీరియా పరీక్షలకు వెన్నుదన్నుగా నిలిచినవాడు లండన్‌లోని డెనిస్ మిచిసన్. తల్లి నయోమి మిచిసన్ పేరున్న రచయిత్రి. మేనమామ జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో బ్రిటన్ వదిలి మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జన్యుశాస్త్రవేత్త ఆయనే. ఒక జనాభాలో జన్యువులు తరతరానికీ ఎలా మారుతాయో గణితంలో పెట్టిన మహానుభావుడు. మేనమామ జీవితమంతా వెంటాడిన ఆ ప్రశ్నే, బాక్టీరియా రూపంలో మేనల్లుడికి ఎదురైంది.

మిచిసన్ బృందంలో భాటియా, సెల్కన్, టి.వి. సుబ్బయ్య వంటివారు ఉన్నారు. మద్రాసు రోగుల బాక్టీరియాను, బ్రిటిష్ రోగుల బాక్టీరియాను పక్కపక్కన పెట్టి గినీపందుల్లో పోల్చి చూశారు. జబ్బు ఏ అవయవంలో ఎంత పాకిందో మార్కులు వేశారు. జంతువు ఎన్ని రోజులు బతికిందో కూడా లెక్కలో కలిపి తీవ్రతకు ఒక సూచిక కట్టారు. 1960లో ఫలితాలు అచ్చయ్యాయి. బ్రిటిష్ బాక్టీరియా దాదాపు అంతా ఒకే ఎత్తున, సూచిక పైభాగంలో గుంపుగా నిలబడింది. దక్షిణాది బాక్టీరియా చెల్లాచెదురుగా ఉంది. కొన్ని బ్రిటిష్ వాటితో సమానం, ఎన్నో బాగా కింద, సగటు చూస్తే తక్కువ.

మొదటి అనుమానం మందు మీదికి పోయింది. 1952లో ఐసోనయజిడ్ వచ్చింది. దానికి లొంగకుండా మొండికేసిన బాక్టీరియా చాలాసార్లు కెటలేజ్ అనే ఎంజైమును పోగొట్టుకుంటుందని, అలాంటిది గినీపందిలో చతికిలబడుతుందని అమెరికాలో గార్డ్‌నర్ మిడిల్‌బ్రూక్ అప్పటికే చూపించాడు. మద్రాసులోనూ అదే జరిగిందా? లేదు. ఈ బాక్టీరియాను తీసింది మందు మొదలుపెట్టకముందు. ఐసోనయజిడ్‌కు హాయిగా లొంగే బాక్టీరియా కూడా గినీపందిలో మెతకగానే ఉంది.

అయినా కెటలేజ్ దారి వాళ్లను ఇంకో చోటికి చేర్చింది. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది కదా, ఆ నురగ కెటలేజ్ చేసే పనే. మన ఒంట్లోని రక్షక కణాలు కూడా తాము మింగిన బాక్టీరియాను చంపడానికి ఇదే జాతి రసాయనాలను వాడతాయి. సుబ్బయ్య, మిచిసన్, సెల్కన్ కలిసి రెండు దేశాల బాక్టీరియా మీదా పెరాక్సైడ్‌ను పరీక్షించారు. దక్షిణాది బాక్టీరియా దానికి తేలిగ్గా లొంగిపోయింది. ఎందుకు లొంగిందో చెప్పగల సాధనం ఆనాడు ఎవరి దగ్గరా లేదు. ఆ ఒక్క పరిశీలనను మాత్రం కొంగున ముడివేసుకుని ముందుకు సాగుదాం.

ఎవరితో పోల్చి?

ఈ బాక్టీరియాకు వైద్యగ్రంథాల్లో 'దక్షిణ భారత భేదం' అని పేరు పడింది. భేదమంటే దేనితో పోల్చి? పాతకాలం సంతల్లో ధాన్యం బేరమాడేవాళ్లు ధర తెగాక కూడా "ఏ ఊరి కుంచం?" అని అడిగేవారు. ఒక సీమ కుంచం ఇంకో సీమ కుంచంతో సరిపోయేది కాదు. క్షయ విషయంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ప్రపంచమంతా వాడిన కుంచం పేరు హెచ్37. 1905లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్ శానటోరియంలో ఎడ్వర్డ్ బాల్డ్విన్ ఒక రోగి నుంచి పెంచిన బాక్టీరియా అది. 1930ల్లో విలియం స్టీంకెన్ అందులోంచి తీవ్రంగా జబ్బు చేసే రకాన్ని వేరు చేసి హెచ్37ఆర్‌వీ అన్నాడు. మందుల పరీక్షలైనా, టీకాల పరీక్షలైనా, జన్యుపరిశోధనలైనా దానితోనే. ఒక అమెరికన్ రోగి ఊపిరితిత్తుల్లో పుట్టి, పరీక్షనాళికల్లో తరాలు గడిపిన బాక్టీరియా ప్రపంచ క్షయకంతా ప్రతినిధి అయింది. దానిలా లేనిది వైద్యుల కళ్లకు 'మెతక'దిగానో 'వింత'దిగానో కనబడింది.

ఇది ఆనాటి శాస్త్రవేత్తల తప్పని అనడానికి లేదు. క్షయ బాక్టీరియా అంతటా ఒక్కటేనన్నది అప్పటి గట్టి నమ్మకం. ఒకటి రెండుగా చీలి పెరిగే జీవి. ఒకదానితో ఒకటి జన్యువులు మార్చుకోదు. ఇలాంటిదాంట్లో ఊరికో రకం ఉంటుందని ఎవరు ఊహిస్తారు?

తిరువళ్లూరు దెబ్బ

ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ టీకా నుంచి తగిలింది. బ్రిటన్‌లో 1950 నుంచి జరిగిన పరీక్షలో బీసీజీ టీకా యువతకు నాలుగింట మూడు వంతులకు పైగా రక్షణ ఇచ్చింది. అదే ఏడు ఆరోగ్యవరం శానటోరియం నుంచి యొహానెస్ ఫ్రిమోట్-మోలర్ అనే డేనిష్ వైద్యుడు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో మొదలుపెట్టిన పరీక్షలో కనబడిన రక్షణ కొద్దిపాటిదే. ఈ తేడాను తేల్చడానికి 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లా తిరువళ్లూరు ప్రాంతంలో చరిత్రలోనే అతిపెద్ద బీసీజీ పరీక్ష మొదలైంది. రెండున్నర లక్షల మందికి పైగా జనం. కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది పడిందో ఎవరికీ తెలియదు.

1979లో మొదటి నివేదిక వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేకపోయింది. చిన్నపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి అది కాపాడుతుందన్నది వేరే సంగతి. మనం ఈనాటికీ పుట్టిన బిడ్డకు ఆ టీకా వేయిస్తున్నది అందుకే. కానీ తిరువళ్లూరు ఫలితం ప్రపంచాన్ని నివ్వెరపరిచింది.

కారణాల వేట మొదలైంది. మన మట్టిలో, నీళ్లలో ఉండే నిరపాయమైన దాయాది బాక్టీరియా అప్పటికే జనం ఒంటికి కొంత పాఠం నేర్పి ఉంటుందని, అందుకే టీకా నేర్పడానికి కొత్తగా ఏమీ మిగల్లేదని కొందరన్నారు. ఈ వివరణకు నేటికీ బలం ఎక్కువ. కొందరు మిచిసన్ గినీపందుల్ని గుర్తు చేశారు. బ్రిటన్‌లో ఒక బాక్టీరియా మీద పనిచేసిన టీకా మద్రాసులో మరో బాక్టీరియా ముందు తేలిపోయిందేమోనన్నది వాళ్ల అనుమానం. పోనీ ఆ రెండూ నిజంగా వేరేవా? 1969లో బేట్స్, మిచిసన్ బాక్టీరియాను తినే వైరస్‌లతో పరీక్షించి, దక్షిణాదిన ఎక్కువగా కనిపించే ఒక రకం బ్రిటన్‌లో అరుదని చూపించారు. అంతకుమించి లోపలికి చూడాలంటే డీఎన్ఏను చదవడం రావాలి.

వేలిముద్ర పడని చోటు

1990లో క్షయ బాక్టీరియా డీఎన్ఏలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే ముక్క ఒకటి దొరికింది. పేరు ఐఎస్6110. గెంతినప్పుడల్లా కొన్నిసార్లు తన నకలును వదిలిపోతుంది. అందుకని ఒక్కో బాక్టీరియాలో నకళ్ల సంఖ్యా వేరు, అవి ఉండే చోట్లూ వేరు. హెచ్37ఆర్‌వీలో 16 ఉన్నాయి. 1993లో నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ వాన్ ఎంబ్డెన్ చొరవతో పలు దేశాల ప్రయోగశాలలు కలిసి దీన్ని క్షయ 'వేలిముద్ర'గా ఖాయం చేశాయి. ఇద్దరు రోగుల బాక్టీరియా ముద్రలు కలిస్తే, ఒకరి నుంచి ఒకరికి ఇటీవలే అంటిందని అర్థం. పోలీసు దర్యాప్తులా జబ్బు దారిని పట్టుకోవచ్చు. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల్లో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసింది.

మద్రాసులో చతికిలబడింది. 1995లో అక్కడి కేంద్రంలో దాస్, పరమశివన్, ప్రభాకర్, పి.ఆర్. నారాయణన్ వంటివారు ఊరి రోగుల బాక్టీరియాను ఈ పద్ధతిలో చూశారు. వాటిలో పెద్ద వాటాకు ఒక్కటే నకలు ఉంది. కొన్నిటికి అదీ లేదు. ఒక్క గీతతో వేలిముద్ర ఎలా పోలుస్తారు? ఏ సంబంధమూ లేని ఇద్దరు రోగుల ముద్రలూ ఒకేలా కనబడతాయి. పడమటి దేశాల లెక్కన చూస్తే మద్రాసులో సగం మంది ఒకరికొకరు అంటించుకున్నట్టు తేలుతుంది.

గినీపంది, టీకా, వేలిముద్ర. మూడుసార్లూ పరాయి కుంచం తెచ్చారు, మూడుసార్లూ వడ్లు తక్కువ వచ్చాయి. కుంచాన్నే అనుమానించాల్సిన వేళ వచ్చింది.

ముగ్గు చుక్కలు

దారి చూపింది బాక్టీరియా డీఎన్ఏలోని ఇంకో వింత చోటు. అక్కడ ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. మాటకూ మాటకూ నడుమ, దేనికదే ప్రత్యేకమైన చిన్న ముక్క ఉంటుంది. 1997లో నెదర్లాండ్స్‌లో యుడిత్ కమర్‌బేక్, వాన్ ఎంబ్డెన్ బృందం అలాంటి 43 ముక్కలను ఎంచుకుని, ఏ బాక్టీరియాలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు అని ఒక్కసారిగా చూసే పద్ధతి కనిపెట్టారు. దాని పేరు స్పాలిగోటైపింగ్. 43 చుక్కలు వరసగా పెట్టి, లేనిచోట చుక్క చెరిపేసిన ముగ్గులా ఉంటుంది ఫలితం. జన్యువులను కత్తిరించి అతికించే క్రిస్పర్ పేరు ఈనాడు అందరికీ తెలుసు. క్షయ పరిశోధకులు ఆ పేరు పుట్టకముందే వాడుకున్న ఈ చోటు కూడా ఆ క్రిస్పర్ కుటుంబానిదే.

చెరిగిన చుక్కలు కథలు చెప్పసాగాయి. చైనా వైపు బాక్టీరియాలో మొదటి 34 చుక్కలూ మాయం, చివరి తొమ్మిదే మిగిలాయి. దానికి 'బీజింగ్' అని పేరు పెట్టారు. ఉత్తర భారతంలో 4 నుంచి 7 దాకా, 23 నుంచి 34 దాకా చుక్కలు లేని రకం దండిగా దొరికింది. అది 'ఢిల్లీ' రకం. దక్షిణాదిన 29 నుంచి 32 దాకా, ఆపైన 34వ చుక్క లేని ముగ్గు మళ్లీ మళ్లీ కనబడింది. నకళ్లు తక్కువున్న ఆ పాత వింత బాక్టీరియాకు ఇప్పుడు ఒక ఇంటిపేరు దొరికింది. ఒకదానితో ఒకటి పొత్తులేని విచిత్ర జీవులు కావవి, ఒకే వంశం పిల్లలు.

పోయిన ఆకు

ఆ వంశం ఎక్కడిది, ఎంత పాతది? 1998లో స్టీవర్ట్ కోల్ నాయకత్వంలో హెచ్37ఆర్‌వీ జన్యుగ్రంథం మొత్తం చదివేశారు. 44,11,529 అక్షరాలు, దాదాపు నాలుగు వేల జన్యువులు. కుంచం ఎంత పడుతుందో గింజతో సహా తెలిసింది. అసలు తమాషా ఆ తర్వాత బయటపడింది.

2002లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ నుంచి రోలాండ్ బ్రోష్, కోల్, వాళ్ల సహచరులు 100 బాక్టీరియా నమూనాల్లో, డీఎన్ఏ ముక్కలు పోయిన లేదా చేరిన 20 చోట్లను పరిశీలించారు. వాళ్ల తర్కం తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితుడి తర్కమే. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఎన్నో ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసుకున్నాడు కదా. ఒక ప్రతిలో ఒక ఆకు పోయిందనుకోండి. దాన్ని చూసి రాసుకున్న ప్రతులన్నిటిలోనూ ఆ ఆకు ఉండదు. ఆకు ఉన్న ప్రతి మాత్రం, పోకముందు నాటి శాఖ నుంచి వచ్చినదై ఉండాలి. క్షయ బాక్టీరియా పక్కవాడి నుంచి జన్యువులు అరువు తెచ్చుకోదు గనుక, పోయిన ఆకు మళ్లీ రాదు.

ఆ పోయిన ఆకుల్లో సుమారు రెండు వేల అక్షరాల ముక్క ఒకటి ఉంది. దానికి టీబీడీ1 అని పేరు పెట్టారు. కొన్ని నమూనాల్లో అది భద్రంగా ఉంది, చాలావాటిలో లేదు. లేనివాటిలో మొదట చెప్పుకోవలసింది హెచ్37ఆర్‌వీ. ప్రపంచ కుంచానికే అడుగున చిల్లు. దక్షిణ భారతపు 'మెతక' వంశంలో ఆ ఆకు చెక్కుచెదరలేదు.

దాంతో ఇన్నాళ్ల చూపు తిరగబడింది. టీబీడీ1 ఉన్నవాటిని శాస్త్రవేత్తలు 'పూర్వీక' శాఖలన్నారు, పోగొట్టుకున్నవాటిని 'ఆధునిక' శాఖలన్నారు. పూర్వీకమంటే ముసలిదని కాదు. ఈనాడు బతికున్న బాక్టీరియా అంతా ఒకే వయసుదే, ఇది పాత ఆకును దాచుకుంది, అంతే. ఇన్నాళ్లూ 'భేదం' అని పిలిచినదే మూలపాఠానికి దగ్గరగా ఉంది, మూలమని కొలిచినదే ఆకు పోయిన ప్రతి. అదే పరిశోధన మరో పాత నమ్మకాన్నీ కూల్చింది. మనిషి పశువుల్ని మచ్చిక చేసుకున్నాక వాటి క్షయే మనకు అంటిందని అంతకుముందు పుస్తకాలు రాసేవి. పోయిన ఆకుల వరస చూస్తే అది కుదరదని తేలింది.

హైదరాబాద్ చేయి

ఇక దేశమంతటినీ ఒకే పటంలో చూడాలి. 2006లో పాశ్చర్ సంస్థ పరిశోధకులతో హైదరాబాద్‌లోని డీఎన్ఏ వేలిముద్రల, రోగ నిర్ధారణ కేంద్రం, అంటే సీడీఎఫ్‌డీ, చేయి కలిపింది. అక్కడి నుంచి నియాజ్ అహ్మద్, సయ్యద్ హస్నైన్, చెన్నై నుంచి సుజాత నారాయణన్, ఆగ్రాలోని జాల్మా సంస్థ నుంచి కటోచ్, చౌహాన్ పాలుపంచుకున్నారు. 12 ప్రాంతాల నుంచి 91 నమూనాలు. ఒక్క కొలతను నమ్మి మోసపోయిన చరిత్ర తెలుసు గనుక నాలుగు రకాల కొలతలతో చూశారు. అందులో ముగ్గు చుక్కలు ఒకటి, టీబీడీ1 ఒకటి. మరొకటి 21 చోట్ల మళ్లీ మళ్లీ వచ్చే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడం.

నాలుగు కొలతలూ ఒకే మాట చెప్పాయి. మన దేశంలో రాజ్యమేలుతున్నవి మూడు వంశాలు: పూర్వీక వంశం, ఢిల్లీ వంశం, బీజింగ్ వంశం. హెచ్37ఆర్‌వీకి దగ్గరి బంధువులైనవి కొద్దిగానే దొరికాయి. భారత ఉపఖండం క్షయకు చాలా పాత నివాసమన్న ఊహకు ఇది బలమిచ్చింది. ఒక్కో నమూనా పక్క నమూనాకు ఎంత భిన్నంగా ఉందో చూసినా ఆ మాటే అనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ల పేటలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, పాత ఊళ్లో ఏ ఇంటి తీరు ఆ ఇంటిదే.

అదే ఏడు సెబాస్టియన్ గాన్యూ బృందం ప్రపంచ క్షయను ఆరు వంశశాఖలుగా విడదీసింది. ఒక్కో శాఖా ఒక్కో ప్రాంతపు మనుషులను అంటిపెట్టుకుని ఉందని, వాళ్లు వలస పోయి కొత్త నగరంలో కాపురం పెట్టినా వాళ్లలో ఎక్కువగా కనబడేది ఆ శాఖేనని చూపింది. దక్షిణాది వంశం మొదటి శాఖ. ఢిల్లీది మూడోది, బీజింగ్‌ది రెండోది, హెచ్37ఆర్‌వీ నాలుగో శాఖలో ఒక రెమ్మ. ఆ తర్వాత ఇథియోపియాలో ఏడోది, తూర్పు ఆఫ్రికాలో ఎనిమిదోది బయటపడ్డాయి. ఈ చెట్టు వయసు మీద మాత్రం తగువు తీరలేదు. 2013లో ఒక బృందం 70,000 ఏళ్లంది. మరుసటి ఏడు పెరూలోని వెయ్యేళ్ల నాటి ఎముకల్లో దొరికిన డీఎన్ఏను చదివిన ఇంకో బృందం 6,000 ఏళ్లు కూడా దాటదంది.

మొదటి శాఖ తిరిగిన దారి మాత్రం తేటగానే ఉంది. 2021లో ఫాబ్రిజియో మెనార్డో బృందం 69 దేశాల నుంచి ఆ శాఖవి 2,938, మూడో శాఖవి 2,030 జన్యుగ్రంథాలు చదివింది. ప్రయాణం ఎక్కువగా ఒకే దిక్కున సాగింది, దక్షిణాసియా నుంచి బయటికి. హిందూ మహాసముద్రం చుట్టూ, అటు తూర్పు ఆఫ్రికా తీరం, ఇటు ఆగ్నేయాసియా. పడవల్లో మిరియాలు, బట్టలు, మనుషులు పోయిన సముద్రమే అది. దగ్గు కూడా ఆ పడవలే ఎక్కింది.

కుంచం మారితే మందు మారుతుందా?

ఇది వంశవృక్షాల ముచ్చట మాత్రమే అయితే పండితులకు వదిలేయొచ్చు. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలో ఉన్నారు. వాళ్లకు వాడే పరీక్షలు, మందులు, టీకాలు ఏ కుంచంతో కొలిచి తయారైనవన్నది ప్రాణాలకు సంబంధించిన లెక్క.

2017లో అబిగెయిల్ మాన్సన్, చెన్నై పరిశోధకులు కలిసి తమిళనాడులోని తిరువళ్లూరు, మదురై జిల్లాల 196 మంది రోగుల నుంచి 223 నమూనాల జన్యుగ్రంథాలు చదివారు. నలభై ఏళ్ల కిందట బీసీజీ బోల్తా పడిన అదే తిరువళ్లూరు. అక్కడి బాక్టీరియాలో ఎక్కువ భాగం మొదటి శాఖదే. మందుకు లొంగని గుణాన్ని పట్టే పరీక్షలు వేరే చోట్ల బాక్టీరియాలో కనిపించిన మార్పుల ఆధారంగా తయారైనవి గనుక, ఇక్కడి ప్రాంతానికి తగ్గ పరీక్షలు కావాలని వాళ్లు తేల్చారు. మొండి క్షయకు వచ్చిన ప్రెటోమనిడ్ అనే కొత్త మందు విషయంలోనూ, పరీక్షనాళికలో మొదటి శాఖను అణచడానికి మిగతావాటికన్నా ఎక్కువ మోతాదు కావాలని 2022లో చూశారు. మెనార్డో బృందం ఇంకో సంగతి పట్టుకుంది. మొదటి శాఖలో ఇసాక్స్‌హెచ్ అనే జన్యువు ఇక్కడి మనుషులకు తగినట్టు మారిన ఆనవాళ్లున్నాయి. కొత్త టీకాలు కొన్నిటిలో వాడుతున్నది ఆ జన్యువు చేసే ప్రొటీన్‌నే. తిరువళ్లూరు పాఠం ఇంకా చెల్లిపోలేదు.

కొంగుముడి విప్పితే

ఇప్పుడు మొదట వేసుకున్న ముడి విప్పవచ్చు. దక్షిణాది బాక్టీరియా గినీపందిలో మెత్తబడింది, పెరాక్సైడ్‌కు లొంగిపోయింది. ఎందుకు?

2020లో పాశ్చర్ సంస్థలో బ్రోష్, ఇటలీ శాస్త్రవేత్త దారియా బొత్తాయ్, వాళ్ల సహచరులు ఒక పని చేశారు. ఆధునిక శాఖ బాక్టీరియాకు పోయిన టీబీడీ1 ఆకును తిరిగి కుట్టారు. పూర్వీక శాఖ నుంచి ఆ ఆకును చింపారు. తర్వాత రెండింటినీ పరీక్షించారు. ఆకు లేని బాక్టీరియా పెరాక్సైడ్ జాతి రసాయనాల దాడిని బాగా తట్టుకుంది, ఆక్సిజన్ అందనిచోటా నిలదొక్కుకుంది. ఆకు ఉన్నది ఆ రెండింటిలోనూ వెనకబడింది. జంతువుల్లోనూ చూశారు. ఏ జంతువులంటే, కొన్ని ఎలుకలు, ఇంకా గినీపందులు. ఆకు పోగొట్టుకున్నదే వాటిలో ఎక్కువ తీవ్రంగా జబ్బు చేసింది.

క్షయ అంటే తరుగుదల. ఇక్కడ తరిగింది బాక్టీరియా. తన గ్రంథంలోంచి ఒక ఆకు తరిగి, అందుకు బదులుగా బలం పెంచుకుంది. రెండు, మూడు, నాలుగు శాఖలు ప్రపంచమంతా అంతగా అల్లుకోవడానికి ఆ నష్టమే ఒక పెద్ద కారణమని వాళ్ల అంచనా. ఆకును దాచుకున్న మొదటి శాఖ ఎక్కువగా తన సముద్రం చుట్టూనే ఉండిపోయింది. ఉండిపోయి కూడా మనుషుల ప్రాణాలు తీయడంలో దానికేమీ మొహమాటం లేదు. మద్రాసు కేంద్రం గుమ్మం ముందు వరసలో నిలబడిన రోగులే దానికి సాక్ష్యం. గినీపందికి మెతకైనది మనిషికీ మెతకేనని అనుకోవడం కూడా ఒక పరాయి కుంచమే.

1960లో సుబ్బయ్య, మిచిసన్, సెల్కన్ పెరాక్సైడ్ పోసి చూసిన తేడాకు అరవై ఏళ్ల తర్వాత ఒక జన్యువు చిరునామా దొరికింది. రెండు వేల అక్షరాల ఆకొకటి, మద్రాసులో ఉంది, లండన్‌లో లేదు. వాళ్లు వాడిన జంతువూ సరైనదే, వేసిన మార్కులూ సరైనవే. బ్రిటిష్ బాక్టీరియాను పైన, మద్రాసు బాక్టీరియాను కింద పెట్టి, కిందిదానికి 'భేదం' అని పేరు పెట్టడం దగ్గరే చూపు పక్కకు జరిగింది.

డెనిస్ మిచిసన్ 98 ఏళ్లు బతికారు. తొంభై దాటాక కూడా క్షయ మందుల గురించి రాస్తూనే ఉన్నారు. 2018 జూలైలో కన్నుమూశారు. ఆయన గినీపందుల చిక్కుకు జవాబు ఆ తర్వాత రెండేళ్లకు అచ్చయింది.